గళ్ళ గుడ్డ ఏప్రన్‌కి ప్యాటర్న్ ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. మా పక్కింటి పెద్దావిడ వంట చేసేటప్పుడు వాళ్ళ అమ్మగారి ఏప్రన్ కట్టుకుంటారు. ఎరుపు తెలుపు గళ్ళ గుడ్డ, నడుము దగ్గర కుచ్చులు, అంచు చుట్టూ జిగ్‌జాగ్ లేసు, ఒక పక్కన చిన్న జేబు. 1950ల నాటిదట. చూసినప్పటి నుంచి అలాంటివి కుట్టాలని మనసు లాగుతోంది. ఖమ్మంలో ఉన్నప్పుడు అమ్మ దగ్గర బ్లౌజులు, లంగాలు కుట్టడం నేర్చుకున్నాను. ఇక్కడ మిషన్ కూడా కొనుక్కున్నాను. కానీ ప్యాటర్న్ కోసం, అంటే గుడ్డ కత్తిరించడానికి వాడే కాగితపు నమూనా కోసం, ఆన్‌లైన్‌లో వెతికితే తల తిరిగిపోయింది. ఒకే రకం పాత ప్యాటర్న్ కవరు ఒకచోట పది డాలర్లు, ఇంకోచోట నలభై. ఒకరు ‘అన్‌ప్రింటెడ్’ అంటారు, ఒకరు ‘సైజు 14’ అంటారు, మరొకరు పీడీఎఫ్ అంటారు. ఏది కొనాలి? ఉచితంగా దొరికేవి ఉన్నాయా? నా దగ్గరున్న కలంకారీ గుడ్డ పనికొస్తుందా? వచ్చే వేసవికి అమ్మ వస్తోంది. ఆవిడకీ ఒకటి కుట్టాలని ఉంది. చీర మీదికి ఏది బాగుంటుంది?

సమాధానం: ముందు ఆ పది డాలర్లూ, నలభై డాలర్లూ అలాగే ఉంచండి. మీరు చూసి ముచ్చటపడిన ఏప్రన్‌కి ప్యాటర్న్ కొనాల్సిన పనే లేదు. అది హాఫ్ ఏప్రన్, అంటే నడుము నుంచి కింది వరకే ఉండేది. విప్పి పరిస్తే ఒక పెద్ద ముక్క, ఒక నడుము పట్టీ, రెండు నాడాలు, ఒక జేబు, అన్నీ దీర్ఘచతురస్రాలే. లంగా కుట్టడం వచ్చిన మీకు ఇందులో కొత్త విద్య ఏమీ లేదు. ఆ రోజుల్లో అమెరికా ఆడవాళ్ళు చాలామంది వీటిని గజం గుడ్డ తెచ్చుకుని, కొలతలు చూసుకుని, నేరుగా గుడ్డ మీదే గీసుకుని కుట్టుకున్నారు. అందుకే మీరు వెతకాల్సింది కవర్ల కోసం కన్నా కొలతల కోసం. వంపులున్న ఏప్రన్ కుట్టాలనుకున్నప్పుడే ప్యాటర్న్ మీద డబ్బు పెట్టండి.

కొలతలు ఇక్కడే ఇచ్చేస్తాను. 36 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ ఒక గజం తీసుకోండి. 36కి 36 చదరం వస్తుంది. ఒక పక్క నుంచి 22 అంగుళాలు కొలిచి అడ్డంగా కత్తిరిస్తే కింది భాగం వచ్చేసింది. మిగిలిన 14 అంగుళాల్లో నాలుగేసి అంగుళాల వెడల్పుతో రెండు పొడుగు పట్టీలు తీయండి, అవి నాడాలు. ఇంకా 6 అంగుళాల పట్టీ ఒకటి మిగులుతుంది. అందులో 20 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పుతో నడుము పట్టీ, మిగతాదాంట్లో 7కి 6 జేబు. చిన్న ముక్కలు తప్ప ఏమీ వృథా పోదు. పాత ప్యాటర్న్ కవర్ల మీద ‘ఒక్క గజంతో ఏప్రన్’ అని గొప్పగా వేసుకునేవారంటే కారణం ఇదే.

కుట్టేటప్పుడు కింద మడత మాత్రం మూడు అంగుళాలకు తగ్గనివ్వకండి. ఆ కాలపు ఏప్రన్‌కీ ఇప్పుడు దుకాణాల్లో అమ్మే నకళ్ళకీ తేడా ముందుగా తెలిసేది అక్కడే. ఇప్పటివాళ్ళు అర అంగుళం మడిచి వదిలేస్తారు. అప్పటివి వెడల్పు మడతతో కింద బరువుగా, తిన్నగా వేలాడతాయి. ఇక కుచ్చులు. పెద్ద కుట్టు పెట్టి పక్కపక్కనే రెండు వరసలు వేసి, రెండు కింది దారాలూ కలిపి లాగండి. ఒక్క వరసతో లాగితే కుచ్చులు ఒకచోట గుంపుగా చేరతాయి. పక్కలు మడిచాక 35 అంగుళాలుండే గుడ్డ 19 అంగుళాల పట్టీలో ఒదగాలి. నాడాల్ని సన్నగా గొట్టంలా కుట్టేయకుండా, అంచులు మాత్రం సన్నగా మడిచి వెడల్పుగా ఉంచండి. వెనక పెద్ద ముడి, ఆ ముడికి రెండు రెక్కలు, పాత ఫోటోల్లో కనిపించే అందమంతా అదే.

ఇంతకన్నా మంచి దారి ఇంకొకటి మీ పక్కింట్లోనే ఉంది. ఆ పెద్దావిడని అడిగి ఆ ఏప్రన్‌ని ఒక్క పూట తెచ్చుకోండి. చాలామంది ఇలాంటివి అడిగితే సంతోషిస్తారు, దాని కథ కూడా చెబుతారు. విప్పకుండానే కొలతలు తీయొచ్చు. బ్రౌన్ పేపర్ మీద పరిచి, కుట్ల పక్కనే గుండుసూదులు నిలువుగా గుచ్చుతూ వెళ్ళండి. సూదుల గుంతల్ని పెన్సిల్‌తో కలిపితే ముక్క ఆకారం వస్తుంది. దానికి చుట్టూ అర అంగుళం కుట్టు మార్జిన్ కలుపుకోవాలి. కుచ్చులున్న చోట పై అంచు కొలత నమ్మకండి, కింది అంచు వెడల్పే అసలు గుడ్డ వెడల్పు. డెబ్బై ఏళ్ళుగా ఉతికిన గుడ్డ కుదించుకుపోయి ఉంటుంది, ఏటవాలుగా సాగిపోయి కూడా ఉంటుంది. అందుకని గళ్ళు లెక్కపెట్టండి. ఎడమ పక్క ఎన్ని గళ్ళున్నాయో కుడి పక్కా అన్నే ఉండాలి. ఉంటే ఆ కొలత నిజం. గళ్ళ గుడ్డ మీకు చేసే ఉపకారం ఇది, ఇంకే గుడ్డా చేయదు. ఫోటోలు తీసేటప్పుడు లోపలి వైపు కూడా తీయండి. జేబు మూలలు ఎలా గట్టి చేశారో, లేసు చివర ఎక్కడ దాచారో లోపలే తెలుస్తుంది.

ఆ గళ్ళ మీద దారంతో పువ్వుల్లాంటి పని ఏమైనా ఉందేమో కూడా చూడండి. ముదురు గడి మీద తెల్ల దారం, తెల్ల గడి మీద ముదురు దారం వేసి, దూరం నుంచి లేసు అతికించినట్టు కనిపించేలా కుడతారు. చికెన్ స్క్రాచ్ అంటారు. 1950లలో గళ్ళ ఏప్రన్ల మీద చాలా వాడుకలో ఉండేది. గడే గ్రాఫ్ కాగితంలా పనిచేస్తుంది కాబట్టి డిజైన్ గీసుకునే శ్రమ లేదు. చేతికుట్టు అలవాటున్నవాళ్ళకి నాలుగు సాయంత్రాల పని.

ఇప్పుడు వెతకడం సంగతి. ‘వింటేజ్ ఏప్రన్’ అని ఒక్క మాటతో వెతికితే అన్ని కాలాలూ కలిసి వచ్చి పడతాయి, మీకు తల తిరిగింది అందుకే. రకం పేరు, దశాబ్దం కలిపి వెతకండి. నడుము నుంచి ఉండేది హాఫ్ ఏప్రన్. ఛాతీ మీదికి ముక్క వచ్చేది బిబ్ ఏప్రన్. భుజాల మీదుగా పట్టీలు వెళ్ళి, పక్కల ఫ్రిల్లు ఉండేది పినఫోర్. ముందూ వెనకా రెండు పలకలుగా ఉండి పక్కన ముళ్ళు వేసుకునేది కోబ్లర్. పల్చటి ఆర్గండీ గుడ్డతో, అతిథులు వచ్చినప్పుడు మాత్రం కట్టుకునే 1950ల నాటి సోకు ఏప్రన్ హోస్టెస్. ఇంకొకటి హూవర్ ఏప్రన్. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, హెర్బర్ట్ హూవర్ నడిపిన అమెరికా ఆహార శాఖ తిండి పొదుపు ఉద్యమం చేసినప్పుడు వచ్చింది. ముందు భాగం రెండు పొరలుగా ఒకదాని మీద ఒకటి వచ్చేలా చుట్టుకుంటారు. పై పొర మాసిపోతే కింది పొరని పైకి తెచ్చి కట్టుకుంటే మళ్ళీ శుభ్రంగా కనిపిస్తుంది. పోపు చిటపటలు పడే వంటింటికి ఇంతకన్నా తెలివైన కటింగ్ నేను చూడలేదు.

ఉచితంగా దొరికేవి చాలానే ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో పాత కుట్టు పుస్తకాలు స్కాన్ చేసి పెట్టారు. అక్కడ ఉమన్స్ ఇన్‌స్టిట్యూట్ (Woman's Institute) అని వెతకండి. 1916లో పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో మేరీ బ్రూక్స్ పికెన్ మొదలుపెట్టిన సంస్థ అది. పోస్టులో కుట్టుపాఠాలు పంపేవారు. ప్యాటర్న్ లేకుండా కొలతలతో గుడ్డ మీదే గీసి కత్తిరించే పద్ధతి వాళ్ళు బాగా నేర్పారు, మీ అమ్మగారు మీకు నేర్పిన పద్ధతికి అది దగ్గరి చుట్టం. లేసు అల్లికలు, అడ్డకుట్టు (క్రాస్ స్టిచ్) డిజైన్లు కావాలంటే యాంటిక్ ప్యాటర్న్ లైబ్రరీ అనే వెబ్‌సైట్‌లో పాత పుస్తకాలు ఉచితంగా దించుకోవచ్చు. 1935లో కాన్సస్ సిటీలో మొదలైన వర్క్‌బాస్కెట్ అనే చిన్న పత్రిక పాత సంచికలు కూడా చూడండి. ఏప్రన్ల ఐడియాలు వాటిలో కనిపిస్తూ ఉంటాయి. పాత సామాను దుకాణాల్లో చవగ్గానే దొరుకుతాయి.

రోడ్ ఐలండ్ యూనివర్సిటీ నడిపే కమర్షియల్ ప్యాటర్న్ ఆర్కైవ్ ఇంకో నిధి. పాత ప్యాటర్న్‌ల కవరు బొమ్మతో పాటు అందులోని ముక్కల ఆకారాలు కూడా చిన్నగా గీసి చూపిస్తారు. అది మీకు ఎందుకు ముఖ్యమంటే, కవరు మీద బొమ్మ చూసి ‘అబ్బో, ఎంత కష్టమో’ అనుకున్నది లోపల చూస్తే నాలుగు దీర్ఘచతురస్రాలని తేలుతుంది. అలాగే తేలిగ్గా కనిపించిన బిబ్ ఏప్రన్‌లో తొమ్మిది వంపు ముక్కలు ఉండొచ్చు. ఆకారం చూశాక కొనాలో, సొంతంగా గీసుకోవాలో మీరే తేల్చుకోగలరు.

హక్కుల గురించి ఒక మాట. అమెరికాలో ప్రచురించి 95 ఏళ్ళు నిండిన పుస్తకాల మీద కాపీరైట్ ఉండదు, కాబట్టి 1920ల పుస్తకాలు నిశ్చింతగా వాడుకోండి. ఆ తర్వాతి ప్యాటర్న్ కొనుక్కుని మీకూ, మీవాళ్ళకూ కుట్టుకోవడంలో ఇబ్బంది లేదు. దాన్ని స్కాన్ చేసి అమ్మడం, పంచిపెట్టడం మాత్రం వద్దు.

ఇక కొనాల్సిన వాటి సంగతి. పినఫోర్, హూవర్, వంపు తిరిగిన బిబ్, వీటికి ప్యాటర్న్ కొనడం న్యాయం. చంక వంపు, మెడ వంపు అంచనాతో గీస్తే ఏప్రన్ భుజం మీద నిలవదు. సింప్లిసిటీ, మెకాల్స్, బటరిక్, అడ్వాన్స్ కంపెనీల కవర్లు ఎక్కువగా కనిపిస్తాయి. వీటితో పాటు యాన్ ఆడమ్స్, మారియన్ మార్టిన్ పేర్లతో న్యూస్‌పేపర్ ద్వారా పోస్టులో అమ్మిన ప్యాటర్న్‌లు ఉన్నాయి. వాటి కవరు సాదాగా ఉంటుంది, దాని మీద పోస్టు ముద్రలో ఉన్న ఏడాదే ప్యాటర్న్ వయసు చెబుతుంది. రంగుల బొమ్మ లేదు కాబట్టి వీటిని అడిగేవాళ్ళు తక్కువ, తరచుగా ధర కూడా తక్కువే. లోపల కటింగ్ మాత్రం చక్కగా ఉంటుంది. నేనైతే ముందు వీటినే చూస్తాను.

‘అన్‌ప్రింటెడ్’ అంటే కాగితం ముక్కల మీద గీతలు, మాటలు ఏమీ అచ్చు వేసి ఉండవు. చిన్నా పెద్దా రంధ్రాలు, గాట్లు మాత్రమే ఉంటాయి. ఏ రంధ్రం మడత మీద పెట్టాలో, ఏది పడుగు పోగు వైపు ఉండాలో, ఏది కుచ్చు మొదలయ్యే చోటో ఇన్‌స్ట్రక్షన్ కాగితం చూస్తేనే తెలుస్తుంది. మెకాల్స్ వాళ్ళు 1920ల మొదట్లోనే అచ్చు ప్యాటర్న్‌లకు మారారు. మిగతా కంపెనీలు చాలా ఏళ్ళు రంధ్రాలతోనే నడిపాయి. కాబట్టి అన్‌ప్రింటెడ్ అంటే భయపడక్కర్లేదు, కానీ ఇన్‌స్ట్రక్షన్ కాగితం లేదని అమ్మేవాళ్ళు చెబితే వదిలేయండి. మొదటిసారికి ఆ చిక్కుముడి వద్దు.

అమ్మేవాళ్ళని రెండు సంగతులు అడగండి. ముక్కలన్నీ ఉన్నాయా, లెక్కపెట్టారా అనేది మొదటిది. ‘ఫ్యాక్టరీ ఫోల్డ్’ అని ఉంటే ఇంతవరకు ఎవరూ విప్పలేదన్నమాట, దానికి ధర ఎక్కువ. కత్తిరించిన ప్యాటర్న్ అయినా ముక్కలన్నీ ఉంటే మీ పనికి ఏ లోటూ లేదు, చవగ్గా వస్తుంది. రెండోది ట్రాన్స్‌ఫర్. ఏప్రన్ ప్యాటర్న్‌లలో చాలావాటికి ఇస్త్రీ పెట్టెతో గుడ్డ మీదికి ఎక్కించే పువ్వుల బొమ్మల కాగితం వచ్చేది. కవరు మీద బొమ్మలో చేతికుట్టు పువ్వులుంటే ఆ కాగితం ఉందా, వాడేశారా అని తప్పక అడగండి. వాడేసి ఉంటే దిగులు పడకండి. కాన్సస్ సిటీ నుంచి 1930ల నాడు మొదలైన ఆంట్ మార్తాస్ ట్రాన్స్‌ఫర్లు ఇప్పటికీ కొత్తవి అమ్ముతున్నారు, పాత బొమ్మలే, కొన్ని డాలర్లకు వచ్చేస్తాయి.

సైజు 14 చూసి మీ షాపింగ్ సైజుతో పోల్చుకోకండి. 1940లలో 14 అంటే ఛాతీ 32 అంగుళాలు. ఇప్పటి ప్యాటర్న్‌లలో 14 అంటే 36. అందుకే అంకె వదిలేసి కవరు వెనక ఛాతీ కొలత ఎంత ఉందో చూడండి. అది ఫోటోలో కనబడకపోతే అడిగి రాయించుకోండి. హాఫ్ ఏప్రన్‌కి ఈ గొడవే లేదు, నాడాలు సర్దుకుపోతాయి. ఇంకొక్కటి, వెనక రాసిన గుడ్డ లెక్క 35, 36 అంగుళాల పన్నాకి. ఇప్పుడు అమెరికా దుకాణాల్లో కాటన్ 44 అంగుళాల దాకా వస్తుంది కాబట్టి గుడ్డ కొంచెం మిగులుతుంది.

కవరు చేతికి వచ్చాక ఆ పాత కాగితాన్ని కత్తిరించకండి, గుడ్డ మీద సూదులతో గుచ్చకండి కూడా. పెళుసైపోయి ఉంటుంది. ఇస్త్రీ పెట్టె బాగా తక్కువ వేడి మీద, ఆవిరి లేకుండా మెల్లగా నొక్కి, బ్రౌన్ పేపర్ మీదికి గీసుకుని ఆ నకలుతోనే కటింగ్ చేయండి. అప్పుడు మీ కొలతకి తగ్గట్టు మార్చుకోవడానికి కూడా చేయి ఆడుతుంది.

పాత కవర్ల వేట వద్దనుకుంటే కొత్తగా అచ్చు వేసినవి ఉన్నాయి. సింప్లిసిటీ, బటరిక్ వాళ్ళు తమ పాత డిజైన్లను ఇప్పటి సైజుల్లో మళ్ళీ తెస్తుంటారు. జోయాన్ అనే గుడ్డల దుకాణాలన్నీ 2025లో మూతపడ్డాయి కాబట్టి అక్కడ సేల్‌లో కొనే వీలు పోయింది. హాబీ లాబీ దుకాణాల్లో చూడండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. చంక వంపులున్న ఏప్రన్ మొదటిసారి కుడుతున్నప్పుడు ఇదే తేలిక.

పీడీఎఫ్ కొంటే ప్రింట్ సెట్టింగ్‌లో నూటికి నూరు శాతం సైజు పెట్టండి. ‘పేజీకి సరిపెట్టు’ అన్నది తీసేయండి. మొదటి పేజీలో పరీక్ష కోసం ఒక చదరం ఉంటుంది, ముందు ఆ ఒక్క పేజీ తీసి టేపు పెట్టి కొలవండి. మీకు అక్కడ లెటర్ కాగితం, మీ అమ్మగారికి ఇక్కడ ఏ4. ఏ4 కొంచెం సన్నగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఒకదాని కోసం చేసినది రెండోదాని మీద తీస్తే అంచులు తెగిపోవచ్చు. ఖమ్మంలో తీయించాలంటే ఇంటి ప్లాన్లు ప్రింట్ చేసే జిరాక్స్ షాపుకి పంపండి, ఒక్క పెద్ద షీటు మీద వచ్చేస్తుంది, అతుకుల బాధ తప్పుతుంది.

కలంకారీ భేషుగ్గా పనికొస్తుంది. 1930లలో అమెరికా పల్లెల్లో పిండి, దాణా వచ్చే నూలు సంచుల మీద చిన్న చిన్న పువ్వులు అచ్చు వేసేవారు, ఆ సంచి విప్పితే గజం పైచిలుకు గుడ్డ. అది వృథా కాకూడదని ఏప్రన్లు కుట్టుకున్నారు. ఆ చిన్న పువ్వుల ముద్రలకి మన పెడన అచ్చు కలంకారీ బాగా దగ్గరగా ఉంటుంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి పూల అద్దకం బట్టలు యూరప్‌కి ఓడల్లో వెళ్ళాయి, అక్కడివాళ్ళు వాటిని చూసే తమ అచ్చు బట్టలు మొదలుపెట్టారు. కాబట్టి మీరు అరువు తెచ్చుకున్నట్టేమీ అనుకోనక్కర్లేదు. పెద్ద నెమళ్ళు, ఏనుగులున్న ముక్క తీసుకోకండి, కుచ్చుల్లో బొమ్మ మునిగిపోతుంది. చిన్న బుటా తీసుకోండి. కత్తిరించే ముందు ఒకసారి నీళ్ళలో నానబెట్టి, విడిగా ఉతికి, నీడన ఆరేయండి. ఎర్ర రంగు వదిలే గుడ్డకి తెల్ల లేసు కుట్టారంటే మొదటి ఉతుకులోనే లేసు గులాబీ రంగు తిరుగుతుంది. లేసు కూడా ముందే ఒకసారి తడిపి ఆరేయాలి, లేకపోతే తర్వాత కుదించుకుని అంచుని ముడతలు పెడుతుంది.

అమ్మగారి ఏప్రన్‌కి కోబ్లర్ రకం ఎంచుకోండి. హాఫ్ ఏప్రన్ చీర కుచ్చిళ్ళ మీద ఎత్తుగా కూర్చుంటుంది, పైన పమిటకి ఏ రక్షణా ఉండదు. హూవర్ చుట్టుకోవడానికి చీర మీద బరువెక్కువ. కోబ్లర్‌ని తల మీదుగా వేసుకుని పక్కల ముడి వేసుకుంటే ముందు వెనక రెండు పలకలూ పమిటని పట్టి ఉంచుతాయి, పొయ్యి మీదికి జారనివ్వవు. చీర కట్టుకున్నవాళ్ళకి వంటింట్లో అదే పెద్ద టెన్షన్ కదా. కొలతలు అమ్మగారు చీర కట్టుకుని, పమిట వేసుకుని ఉన్నప్పుడు పైనుంచే తీయించండి. వచ్చిన ఛాతీ కొలతకి నాలుగు అంగుళాలు కలపండి, తల దూరడానికి మెడ వెడల్పుగా ఉంచండి. పొడవు మోకాలి వరకు చాలు.

ఆవిడకి కుట్టే దానికి ఫ్రిల్లు, పొడుగు నాడాలు వద్దు. పక్క నాడాలు ముడి వేశాక నాలుగు అంగుళాలకు మించి వేలాడకూడదు. గుడ్డ అచ్చమైన నూలుదే కావాలి, నైలాన్, పాలిస్టర్ కలిసినది వేడి తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఆర్గండీ సోకు ఏప్రన్ కుట్టినా కాఫీలు అందించేటప్పుడు కట్టుకోండి, మంట దగ్గరికి తీసుకెళ్ళకండి. జేబు కుడి పక్కన, చేతికి అందే ఎత్తులో పెట్టండి. ఎంత ఎత్తులో పెట్టాలో ఇక్కడి నుంచి నేను చెప్పలేను, ఆవిడ వచ్చాక ఏప్రన్ తొడిగి, ఆవిడ చేయి ఎక్కడికి వెళ్తుందో అక్కడ చాక్‌తో గుర్తు పెట్టి అప్పుడు కుట్టండి.